గోదాములో మోగిన పిలుపు

మూతపడిన టాకీసులో గబ్బిలాలను తగలబెడుతున్న సంగతి వసుమతికి చెవుల ద్వారా తెలిసింది.

ఆమె అప్పుడు వరంగల్ పడమటి దిక్కున, పాడుబడిన నూలు మిల్లు పొగగొట్టం పక్క గదిలో పని చేసుకుంటోంది. అదే ఆమె ప్రయోగశాల. నగరంలో గబ్బిలాలు గుంపులుగా ఉండే చోటల్లా, వంతెనల పగుళ్లలో, పాత భవనాల కప్పుల కింద, చిన్న మైకులు పెట్టి ఉన్నాయి. మనిషి చెవికి అందనంత సన్నగా ఉండే వాటి గొంతును గదిలోని యంత్రం కిందికి దించి మనకు వినబడేట్టు చేస్తుంది. పగటిపూట అవి నిద్రలో ఉంటాయి కనుక స్పీకర్లలో అక్కడో కిచకిచ, ఇక్కడో సణుగుడు తప్ప ఏమీ రాదు. ఆ మధ్యాహ్నం టాకీసు స్పీకరు ఉన్నట్టుండి కేక పెట్టింది. ఒకటి కాదు, వందల గొంతులు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ లేచాయి. కేకల అడుగున ఏదో చిటపటమంటూ అంటుకుంటున్న చప్పుడు. వసుమతి చేతిలోని టీ గ్లాసు జారి పగిలింది.

స్కూటీ మీద ఆమె అక్కడికి చేరేసరికి పొగ వీధి చివరిదాకా కమ్ముకుని ఉంది. టాకీసు ముందర మగవాళ్లు గుంపు కట్టారు. కొందరి చేతుల్లో కిరోసిన్ డబ్బాలు, కొందరి చేతుల్లో వెదురు కర్రలు. రెక్కలంటుకున్న గబ్బిలాలు కిటికీల్లోంచి నిప్పురవ్వల్లా రాలిపడుతుంటే కర్రలతో నేలకేసి కొడుతున్నారు. కొట్టినా చావని వాటిని చెప్పుకాళ్లతో నలుపుతున్నారు. కాలిన వెంట్రుకల కంపులోంచి వసుమతి జనాన్ని తోసుకుంటూ ముందుకు వెళ్లింది.

గుంపు మధ్యలో ఆమె అన్న కొమురెల్లి ఉన్నాడు. వెల్డింగు పని చేసేటప్పుడు కట్టుకునే తోలు తొడుగుతోనే వచ్చేశాడు. అతని కర్ర చివర నెత్తురూ బూడిదా అంటుకుని ఉన్నాయి.

"అన్నా, ఏం జేస్తున్నవ్?"

"నువ్వు ఇంటికి పో చెల్లె."

"వీటికి జ్వరానికి సంబంధం లేదని ఎన్నిసార్లు జెప్పిన? రక్తం దీసి సూసిన. ఒక్కదాంట్ల గూడ ఆ జ్వరం పురుగు లేదు."

"డాక్టర్లు గూడ తగ్గుతదనే జెప్పిన్రు. బిందుకు తగ్గిందా?"

ఎర్రకళ్ల జ్వరం నగరంలోకి వచ్చి ఒక వానాకాలం గడిచింది. ముందు కళ్లు ఎర్రబడతాయి, తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కొమురెల్లి ఒక్కగానొక్క కూతురు బిందు పెద్ద దవాఖానలో ఊపిరి అందక మంచం అంచును గీరుతూ పోయింది. వసుమతి పెళ్లి చేసుకోలేదు, అన్న ఇంట్లోనే ఉంటుంది. ఆ పిల్లకు తల దువ్వి, బడికి పంపి, ఒళ్లో పెట్టుకుని పెంచింది ఆమే. జ్వరం ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. గబ్బిలాల నుంచి అని ఎవరో అన్నారు, ఊరంతా పట్టుకుంది.

"గిదే గబ్బిలాలను సాదే ఆడిది" అని వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. వసుమతి తిరిగేలోపే కర్ర ఆమె చెవి మీద పడింది. రెండో దెబ్బకు మోకాళ్ల మీద కూలింది. మూడోది పడలేదు. కొమురెల్లి ఆ మనిషి మెడ పట్టి గోడకేసి కొట్టాడు. వాడి ముక్కు చిట్లిన చప్పుడు అందరికీ వినబడింది.

"నా చెల్లె మీద చెయ్యేస్తే ఈడనే తొక్కుత" అన్నాడు. ఆమెను భుజాన వేసుకుని బయటికి తెచ్చి ఆటోలో పడుకోబెట్టాడు. ఆటో కదలగానే కర్ర తీసుకుని మళ్లీ లోపలికి వెళ్లాడు.

ఇంట్లో వదిన సారక్క ఏమీ అడగకుండా వేడినీళ్లతో నెత్తురు తుడిచి చెవి దగ్గర గుడ్డ కట్టింది. కట్టు బిగించేటప్పుడు మాత్రం అవసరానికి మించి బిగించింది. వసుమతి నొప్పికి పళ్లు బిగబట్టి ఊరుకుంది.

*

గబ్బిలాలను ఊరు ముద్దు చేసిన రోజులు కూడా ఉన్నాయి. అవి గడిచి ఎన్నో ఏళ్లు కాలేదు.

వసుమతి పరిశోధనంతా తల్లి గబ్బిలాల గొంతు మీద. చీకటి గోడకు వేల పిల్లలు వేలాడుతూ ఒకేసారి ఏడుస్తున్నా, మేతకు వెళ్లి వచ్చిన తల్లి పిలిచే పిలుపుకు దాని పిల్ల ఒక్కటే బదులిస్తుంది. అలాంటి తల్లుల పిలుపుల్ని ఆమె ఏళ్ల తరబడి పోగు చేసింది. ఆమెతో పనిచేసే కౌండిన్య ధ్వని యంత్రాల్లో దిట్ట. అతను ఆ గొంతుల్లో ఉమ్మడిగా ఉన్నదాన్ని వడకట్టి, ఏ ఒక్క తల్లిదీ కాని, అన్ని తల్లులదీ అయిన ఒక గొంతును తయారు చేశాడు. దాన్ని చిన్న పెట్టెలో పెట్టి వినిపిస్తే పిల్లలే కాదు, పెద్ద గబ్బిలాలు సైతం వచ్చి వాలేవి. ఇక్కడ చోటుంది, భయం లేదు, రండి అన్నట్టు వినిపిస్తుంది కాబోలు వాటికి. ఇద్దరూ దానికి పిలుపు అని పేరు పెట్టారు.

రైలు పట్టాల మీది పాత వంతెనను పడగొట్టే ముందు పిలుపును మొదటిసారి వాడారు. పగుళ్లలోని గబ్బిలాలన్నీ పొద్దుగూకే వేళ బయటికి వచ్చి, ఆకాశంలో నల్లటి తాడులా పేనుకుని, మిల్లు పొగగొట్టంలోకి దిగిపోయాయి. ఒక్కటి కూడా చావలేదు. ఆ ఏడాది నుంచి వానలు వెనకబట్టగానే మిల్లు మైదానంలో గబ్బిలాల పండుగ చేయడం మొదలైంది. మిర్చి బజ్జీల బండ్లు వచ్చేవి. బడి పిల్లలు నల్లకాగితం రెక్కలు కట్టుకుని తిరిగేవాళ్లు. ఇవి ఒక్కపూటలో ఎన్ని దోమల్ని తింటాయో వసుమతి మైకులో చెబుతుంటే జనం చప్పట్లు కొట్టేవాళ్లు. కొమురెల్లి పొగగొట్టం చుట్టూ పిల్లలు ఎక్కకుండా ఇనుప కంచె తనే కట్టి, కూలి తీసుకోలేదు.

ఎర్రకళ్ల జ్వరం వచ్చిన ఏడు పండుగ జరగలేదు. దవాఖానలో చోటు చాలక ఆ మైదానంలో మంచాలు వేశారు.

*

టాకీసు తర్వాత రెండు భవనాలు కాలాయి. రెండో దాంట్లో పైకప్పు కూలి మనుషులు కూడా పోయారు. అప్పుడు జ్వర నివారణ దళం ప్రత్యేకాధికారి వసుమతినీ కౌండిన్యనూ పిలిపించాడు. వయసులో ఉన్నవాడు, కంటికి నిద్ర లేనట్టున్నాడు.

"ఇట్లాగే వదిలేస్తే ఊరు ఊరంతా అంటుకుంటుంది మేడమ్. మీ యంత్రంతో వాటిని ఒక్కచోటికి రప్పించండి. ఊరి బయట పత్తి గోదాము ఖాళీగా ఉంది. అక్కడ చేరినాక వలలు కట్టిన లారీల్లో అడవికి తరలిస్తాం. ముందు ఊరి తూర్పు సగం, తర్వాత మిల్లు ఉన్న పడమటి సగం."

"అడవిలో బతుకుతాయో లేదో చెప్పలేను" అంది వసుమతి. "ఇవి గోడల్లో పుట్టి పెరిగినవి."

"ఇక్కడైతే కాలిపోతాయి కదా" అన్నాడు కౌండిన్య.

ఆ మాట నిజమే. వసుమతి ఒప్పుకుంది. తరలించాక ఏ చెట్ల దగ్గర వదలాలో, దారిలో నీళ్లెలా పట్టాలో కౌండిన్యతో కూర్చుని మాట్లాడింది. ఆమె చెప్పినవన్నీ అతను తల వంచుకుని రాసుకున్నాడు. ఆ తల వంపుకు అర్థం ఆమెకు అప్పుడు తెలియలేదు.

పిలుపు వినిపించే సాయంత్రం గాలి నిలిచిపోయి ఉక్కగా ఉంది. గోదాము కప్పు మీద పిలుపు పెట్టెలను ఊరి తూర్పు సగం వైపు తిప్పి బిగించారు. సూర్యుడు వాలగానే కౌండిన్య మీట నొక్కాడు. మనిషి చెవికి ఏమీ వినిపించలేదు. కాసేపటికి తూర్పున ఒక చుక్క, పక్కన మరో చుక్క, ఆ వెంటనే ఆకాశం నిండా రెక్కలు. వాగుల మీదుగా, మేడల మీదుగా అవి ధారలుగా వచ్చి గోదాము పెద్ద తలుపుల్లోంచి లోపలికి పోయాయి. కంచె బయట గుమిగూడిన జనం తలలెత్తి చూస్తున్నారు. వసుమతి చెవిలో పెట్టుకున్న, గబ్బిలాల గొంతును దించి వినిపించే చిన్న యంత్రంలో ఒకే రకం చప్పుడు మోగుతోంది. ఇల్లు చేరిన తల్లులూ పిల్లలూ పలకరించుకునే కువకువ అది. ఆమెకు కళ్లు చెమ్మగిల్లాయి.

చివరి గుంపు లోపలికి వెళ్లగానే పెద్ద తలుపులకు లోపలినుంచి అడ్డగడియ వేసి, మనుషులు పక్క తలుపులోంచి బయటికి వచ్చి దాన్నీ మూశారు. లారీలు రాలేదు.

గోదాము వెనకనుంచి కొమురెల్లి వచ్చాడు. చేతిలో వెల్డింగు కర్ర, నుదుటి మీదికి ఎత్తిన నల్లద్దం.

"నువ్వేంది అన్నా ఈడ?"

వసుమతి గోడవైపు చూసింది. గాలి ఆడే కంతలన్నిటికీ కొత్త ఇనుప రేకులు అతికి ఉన్నాయి, అతుకులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. ముసుగులు తొడుక్కున్న మనుషులు ఇద్దరు, ధాన్యం గోదాముల్లో పురుగులకు పెట్టే విషపు బిళ్లల డబ్బాలను ఒక గొట్టంలోంచి లోపలికి ఒంపుతున్నారు.

ఆమె కౌండిన్య చొక్కా పట్టుకుంది. "నీకు తెలుసా?"

"ఊరంతా కాల్చి చంపుతుంటే, ఒక్కచోట తొందరగా పోవడం నయమనుకున్నాను వసుమతీ. నీకు చెబితే ఒప్పుకునేదానివి కాదు."

ఆమె అతన్ని ముఖం మీద గుద్దింది. కళ్లద్దం పగిలి అతని కంట్లో దిగింది. అతను చేతులు అడ్డం పెట్టుకోలేదు. అంతలో ఆమె చెవిలోని కువకువ ఆగిపోయింది. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత వచ్చిన చప్పుడుకు ఆమె యంత్రాన్ని పీకి నేలకేసి కొట్టింది. అయినా అది వినిపిస్తూనే ఉంది. గోదాము లోపలి మైకుల పరీక్ష కోసం కప్పు మీద పెట్టిన పెద్ద స్పీకరును ఎవరూ ఆపలేదు. గోదాము లోపల వేల గొంతులు ఊపిరి కోసం చేస్తున్న గురక మైదానమంతా పరుచుకుంది. కంచె దగ్గర జనంలో ఒక ముసలామె చెవులు మూసుకుని కూలబడింది. ఎవరో వాంతి చేసుకున్నారు.

వసుమతి అన్న పనిముట్లలోంచి గడ్డపార లాక్కుని పక్క తలుపు వైపు పరుగెత్తింది. కొమురెల్లి అడ్డం వచ్చాడు.

"అదంతా విషం. పోకు."

"జరుగు."

"పోనియ్య."

ఆమె గడ్డపారతో అతని భుజం మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడైంది. అతను పక్కకు ఒరిగాడు. ఆమె తలుపు సందులో గడ్డపార దూర్చి, ఉన్న బలమంతా పెట్టి వంచింది. గొళ్లెం ఊడింది. వెల్లుల్లి కుళ్లినట్టున్న వాసన ముఖాన కొట్టింది. ఆ వెనకే గబ్బిలాలు ఆమెను గుద్దుకుంటూ, గీరుకుంటూ బయటపడ్డాయి. కొన్ని ఎగిరాయి. ఎక్కువ భాగం గడప దాటి పడిపోయాయి. పెద్ద తలుపులు కూడా తెరవాలని ఆమె లోపలికి దిగింది. కాళ్ల కింద మెత్తగా, వెచ్చగా, మడమ లోతున చచ్చినవీ చస్తున్నవీ ఉన్నాయి. నాలుగడుగులు వేసిందో లేదో చేతులు తిమ్మిరెక్కి గడ్డపార జారిపోయింది.

కొమురెల్లి మూతికి తువ్వాలు చుట్టుకుని లోపలికి వచ్చాడు. ఒక్క చేత్తో ఆమె జుట్టు పట్టి గుమ్మం దాకా ఈడ్చాడు, బయటికి తోశాడు. అతను బయటికి రాలేదు. పెద్ద తలుపుల అడ్డగడియ తీస్తున్న చప్పుడు వినిపించింది. తలుపులు తెరుచుకున్నాయి. తెరిచినవాడు అక్కడే మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు.

*

ఆ విషానికి విరుగుడు లేదని దవాఖానలో చెప్పారు. కొమురెల్లి గుండె ఆగుతూ కొట్టుకుంటూ రెండు పగళ్లు నిలిచింది. పక్క మంచం మీద వసుమతికి సెలైను ఎక్కుతోంది. ఆమెకు తగిలింది తక్కువే. వేళ్ల వణుకు మాత్రం ఇక పోకపోవచ్చన్నారు.

"ఎన్ని బయటపడ్డయ్?" అని అడిగాడు అన్న.

"కొన్ని."

అతను కప్పు వైపు చూస్తూ చెప్పాడు.

"బిందు ఊపిరాడక కొట్టుకున్ననాడు నా చెయ్యి పట్టుకునే ఉన్నది చెల్లె. గా సప్పుడు నా చెవులల్లకెల్లి పోతలేదు. గోదాం మీదికెల్లి గదే సప్పుడు అచ్చింది. గబ్బిలాలని నేను అనుకోలే. నా బిడ్డ లోపల్నే ఉన్నదనుకున్న."

"అన్నా."

"నా భుజం ఇరగ్గొట్టినవే" అన్నాడు. అందులో కోపం లేదు. మరునాడు మధ్యాహ్నం అతను పోయాడు. సారక్క ఏడవలేదు. మంచం దగ్గరికి వచ్చి వసుమతిని చెంప మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. నర్సులు పట్టుకునేదాకా కొడుతూనే ఉంది. వసుమతి ముఖం తిప్పుకోలేదు.

గోదాము తర్వాత కూడా జ్వరం తగ్గలేదు. పైగా తూర్పు వీధుల్లో దోమలు ముసిరి, అక్కడివాళ్లు పగలు కూడా తలుపులు మూసుకుని ఉంటున్నారు. అయినా ప్రత్యేకాధికారి రెండో విడతకు సిద్ధమయ్యాడు. ఊరి పడమటి గబ్బిలాలన్నీ ఇప్పుడు మిల్లు పొగగొట్టంలో ఉన్నాయి, గోదాములోంచి బతికి బయటపడ్డ కాసిన్నీ వాటిలోనే చేరాయి. వసుమతి ఠాణాకు వెళ్లింది, పత్రికల వాళ్లను కలిసింది, అధికారి వాకిట్లో కూర్చుంది. పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. పిలుపు పెట్టెలు, వాటిలోని గొంతు, అన్నీ దళం చేతిలోనే ఉన్నాయి. కౌండిన్య ఒకసారి ఫోన్ చేశాడు. "నేను మానుకున్నా వాళ్లకు ఇంకొకడు దొరుకుతాడు" అన్నాడు. "అది ఇప్పుడు మీట నొక్కడమే కదా."

ఆ మాట దగ్గరే ఆమెకు దారి దొరికింది. పిలుపును ఎవరూ వెనక్కి తీసుకోలేరు. వినేవాటికి దాని మీద నమ్మకం పోగొట్టడం ఒక్కటే మిగిలింది.

మొదట సులువైన పని చేసి చూసింది. తన దగ్గరున్న ఒక పాత పెట్టెతో పొగగొట్టం అడుగున పిలుపు వినిపిస్తూ, గోదాములో రికార్డైన చావుకేకల్ని దానికి కలిపింది. పైన వేలాడుతున్న గబ్బిలాలు ఉలిక్కిపడి చెల్లాచెదురయ్యాయి. మర్నాడు అంత బెదరలేదు. ఆ తర్వాత అసలు కదల్లేదు. ఉత్త కేక వాటికి చాలలేదు. కేక పెట్టిన గబ్బిలం వాటి మధ్యకు తిరిగి రావాలి, గాయంతో, నెత్తుటి వాసనతో.

ఆమె వల వేసి ఒకదాన్ని పట్టింది. మెడ మీద తెల్ల మచ్చ ఉన్న ఆడ గబ్బిలం. పిల్లగా ఉన్నప్పుడు గోడ మీంచి జారి పడిపోతే దూదితో పాలు పట్టి బతికించింది దాన్నే. పెట్టె మీట నొక్కి పిలుపు మోగించి, పట్టకారుతో దాని రెక్క పొరను పట్టుకుంది. చేతులు వణికి పట్టకారు జారింది. మళ్లీ పట్టుకుంది. చీల్చలేకపోయింది. గబ్బిలం ఆమె వేళ్లను నాకుతూ ఊరుకుంది.

"ఏం జేస్తున్నవ్ దాన్ని?"

పొగగొట్టం గుమ్మంలో సారక్క నిలబడి ఉంది. బొట్టు లేని ముఖం. చేతిలో కొమురెల్లి సుత్తి. ఆ పెట్టెను, దాంతోపాటు ఆడబిడ్డ తలను పగలగొట్టడానికే బయల్దేరి వచ్చానని ఆమె తర్వాత ఎప్పుడో చెప్పింది.

వసుమతి దాచకుండా చెప్పింది. వాళ్లు మళ్లీ పిలుస్తారని, పిలిస్తే ఇవన్నీ పోతాయని, ఆ గొంతు వింటే పారిపోవడం వీటికి నేర్పాలంటే నొప్పి పెట్టక తప్పదని, తన చేతులు వినడం లేదని.

సారక్క పొగగొట్టం పైకి తలెత్తి చూసింది. సుత్తి పట్టిన చెయ్యి బిగుస్తూ వదులవుతూ ఉంది.

"మళ్ల గోదాంల పెడితే మళ్ల ఎవడో ఒకడు తలుపు తీస్తందుకు పోతడు" అంది చివరికి. "వానికి గూడ పెండ్లాం ఉంటది."

సుత్తి కింద పెట్టి వచ్చి కూర్చుంది. "నాకియ్యి పట్టకారు. నువ్వు దాన్ని కదలకుంట పట్టు."

"వదినా, నీకు చేతనైతదా?"

"నాకు వీటి మీద జాలి లేదు. నాకైతది."

పిలుపు మోగింది. సారక్క పట్టకారుతో రెక్క అంచును చీల్చింది. గబ్బిలం పెట్టిన కేకకు స్పీకరు అదిరింది. పైన పొగగొట్టం నిండా రెక్కలు గజగజలాడాయి. విడిచిపెట్టగానే అది నెత్తురోడుతూ గోడ పట్టుకుని గుంపులోకి పాకింది. చుట్టూ ఉన్నవి దాని గాయాన్ని వాసన చూశాయి. సారక్క ఆ పట్టకారును కొంగుకు తుడిచి "ఇంకోటి పట్టు" అంది.

రోజూ అదే పని. పిలుపు, చీలిక, కేక, నెత్తురు. కొన్ని వాళ్ల చేతుల్లోనే చచ్చిపోయాయి. ఒకనాడు సారక్క మధ్యలో లేచి బయటికి వెళ్లి, గోడకు నుదురు ఆనించి ఏడ్చింది. బిందు పోయిన తర్వాత ఆమె ఏడవడం అదే మొదలు. వసుమతి దగ్గరికి వెళ్తే చేత్తో తోసేసింది. ముఖం కడుక్కుని వచ్చి మళ్లీ పట్టకారు అందుకుంది. క్రమంగా పిలుపు మొదలవగానే పొగగొట్టంలో అలజడి మొదలవసాగింది. కేక కోసం ఆగడం లేదు. పిల్లల్ని పొట్టకు కరుచుకుని తల్లులు పైకి పైకి పాకుతున్నాయి.

*

దళం వాళ్లు రెండోసారి పిలిచిన సాయంత్రం పత్తి గోదాము చుట్టూ పోలీసులు నిలబడ్డారు. పక్క తలుపుకు ఈసారి రెండు గొళ్లేలు వేశారు. వసుమతి, సారక్క మిల్లు మైదానంలో, పొగగొట్టం కింద నిలబడి ఉన్నారు.

పొద్దు వాలింది. గబ్బిలాలు ఎప్పటిలాగే పొగలా పైకి లేచాయి. అంతలో దూరంగా గోదాము కప్పు మీద పిలుపు మోగింది. వసుమతి చేతిలోని యంత్రం దాన్ని పట్టింది. తల్లి గొంతు, చోటుందని చెప్పే గొంతు, ఆమె సగం జీవితం పోసి కట్టిన గొంతు.

పైన పొగ ఒక్కసారి నిలిచిపోయింది. ముందున్న గుంపు గోదాము వైపు కొంత సాగింది. వసుమతి వదిన చెయ్యి పట్టుకుంది. ఆ గుంపు గాలిలోనే విరిగింది. ఒక కేక లేచింది, వెంటనే వందల కేకలు. గబ్బిలాలన్నీ ఒకదాని మీద ఒకటి పడుతూ, గుద్దుకుంటూ, ఎదురు దిక్కుకు తిరిగి భద్రకాళి చెరువు మీదుగా గుట్టల వైపు పోయాయి. గుద్దుకున్న వాటిలో కొన్ని మైదానంలో రాలిపడ్డాయి. గోదాము దగ్గర పిలుపు ఇంకా మోగుతూనే ఉంది. గొంతు పెంచారు. మళ్లీ పెంచారు. ఒక్కటి కూడా రాలేదు. చీకటి చిక్కబడ్డాక ఎవరో మీట తీసేశారు.

మర్నాడు పొగగొట్టం ఖాళీగా ఉంది. ఆ మరునాడు కూడా. వరంగల్ గోడల్లో, వంతెనల్లో వసుమతి పెట్టిన మైకులు ఏమీ వినిపించలేదు. గుట్టల్లో గొర్రెలు కాసేవాళ్లు మాత్రం, బండల సందుల్లో కొత్తగా గబ్బిలాలు చేరాయని, మనిషి అలికిడైతే చాలు లేచిపోతున్నాయని చెప్పారు. జ్వరం దోమల వల్లో, నీళ్ల వల్లో, మరి దేనివల్లో పరీక్షలు ఇంకా జరుగుతూనే ఉన్నాయి. ప్రత్యేకాధికారిని వేరే జిల్లాకు మార్చారు. కౌండిన్య ఒక కన్ను పోయి ఊరు విడిచి వెళ్లాడు.

గబ్బిలాలు పోయిన మర్నాడు పొద్దున, మైదానంలో రాలిన వాటిని ఏరడానికి అత్తాకోడళ్లలా కీచులాడుకుంటూ వదినా ఆడబిడ్డా బుట్టతో తిరిగారు. కంచె మొదట్లో ఒకటి ఇంకా బతికి ఉంది. మెడ మీద తెల్ల మచ్చ. చీలిన రెక్క మానలేదు, ఎగరలేక గడ్డిలో పడి ఉంది. వసుమతి వంగి, చిన్నప్పుడు దానికి పాలు పట్టినట్టే, నీళ్లలో ముంచిన దూదిని మూతి దగ్గర పెట్టింది.

అది ఒక్కసారి మెడ చాచి ఆమె చూపుడువేలిని కరిచి పట్టుకుంది. సూదుల్లాంటి పళ్లు గోరు కిందికి దిగాయి. నెత్తురు దూదిని తడిపింది.

"కరుస్తంది, ఇడిపియ్యవే" అంది సారక్క.

వసుమతి చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"కరవనీ వదినా" అంది. "మనిషిని నమ్మకుంటే బతుకుతది."